పైసల కోసమే పడుతున్నారా? తాగి బండి నడపడంపై మన దగ్గర తిరుగుతున్న అపోహలు

పాన్‌గల్ బస్టాండు దగ్గర, వనపర్తి దారిలో టీకొట్ల ముందు, పెళ్ళి పందిళ్ళ పక్కన ఇప్పుడు ఒకటే మాట. "తాగినోళ్ళను పట్టేది మన మేలు కోసం కాదు, ఖజానా నింపుకోనీకె. లిమిట్ ఇంకా తగ్గిస్తరంట, సున్న జేస్తరంట. వైన్సులు వాళ్ళే పెట్టిస్తరు, తాగితే వాళ్ళే పట్టుకుంటరు."

ఇది టీకొట్టు దగ్గర కాలక్షేపం మాటగా ఆగిపోతే పట్టించుకోనక్కర్లేదు. ఆగడం లేదు. తనిఖీ అంటే దోపిడీ అని మనసులో పడిపోయాక, దాన్ని తప్పించుకోవడం తెలివైన పని అనిపిస్తుంది. చౌరస్తాలో పోలీసులు నిలబడగానే వాట్సాప్ గ్రూపుల్లో మెసేజ్ తిరుగుతుంది. తాగినవాడు మెయిన్ రోడ్డు వదిలి కాలువ కట్ట ఎక్కుతాడు. కట్ట మీద లైటు ఉండదు, అంచుకు రాయి కూడా అడ్డం ఉండదు, ఎదురుగా ట్రాక్టర్ వస్తే పక్కకు తప్పుకునే చోటుండదు. వెనక సీట్లో భార్యో, తమ్ముడో ఉంటారు. పదివేల జరిమానా తప్పించుకోవడానికి ఇద్దరి ప్రాణాలు పందెం పెట్టడాన్ని మన ఊళ్ళో హుషారు అంటున్నారు. అందుకే ఈ ఒక్క పుకారు గురించే ఎక్కువ మాట్లాడాలి.

ముందు లిమిట్ సంగతి. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ఇది. ఈ ప్రభుత్వం పెట్టింది కాదు, ముందటి ప్రభుత్వం పెట్టిందీ కాదు. 1988లో పార్లమెంటు ఈ చట్టం చేసినప్పుడు 30 అన్న అంకె అందులో లేనే లేదు. రక్తంలో ఎంత కొంచెం ఆల్కహాల్ ఉన్నా నేరమే అని ఉండేది. 1994 సవరణలో దాన్ని 30కి మార్చారు. అంటే సున్నాను 30 చేశారు, సడలించారు. అప్పటి నుంచి 30 ఏళ్ళు దాటినా ఆ అంకె కదల్లేదు. 2019 సవరణలో పెరిగింది జరిమానా. మొదటిసారి 2 వేల లోపు ఉన్నది 10 వేలైంది, రెండోసారి దొరికితే 15 వేలు. జైలు శిక్ష మొదటిసారికి 6 నెలల వరకు, రెండోసారికి 2 ఏళ్ళ వరకు. 'లిమిట్ తగ్గించి పిండుతున్నారు' అనేవాళ్ళు ఏ లిమిట్, ఎప్పుడు, ఎంత నుంచి ఎంతకు తగ్గిందో చెప్పాలి. చెప్పలేరు. తగ్గలేదు కాబట్టి.

ఇక ఖజానా. లెక్క వేసుకుందాం, కష్టమైన లెక్కేం కాదు. 2025 అక్టోబర్‌లో తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలకు దరఖాస్తులు తీసుకున్నారు. ఒక్కో దరఖాస్తుకు 3 లక్షలు. దుకాణం రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. 95 వేలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. ఒక్క సీసా అమ్మకముందే ప్రభుత్వానికి 2,850 కోట్ల రూపాయలు దాటి వచ్చాయి. ఇంత సొమ్ము డ్రంక్ అండ్ డ్రైవ్ జరిమానాల మీద రావాలంటే, తలకు 10 వేల చొప్పున, 28 లక్షల 50 వేల మందిని పట్టుకోవాలి. 2011 లెక్కల ప్రకారం వనపర్తి జిల్లా జనాభా 5 లక్షల 77 వేలు. చంటిపిల్లలతో సహా జిల్లా మొత్తాన్ని ఐదేసి సార్లు పట్టుకుంటే తప్ప ఆ లెక్క తేలదు. అదీ దరఖాస్తు ఫీజుకే. ఆ తర్వాత లైసెన్సు ఫీజు, ఎక్సైజ్ సుంకం, వ్యాట్ ఉన్నాయి. మద్యం మీద రాష్ట్రానికి ఏటా వచ్చేది 30 వేల కోట్లకు పైమాటే.

డబ్బే కావాలనుకునే ప్రభుత్వానికి తనిఖీ నష్టం బేరం. బండి మీద వచ్చినవాడు తాగడం మానేస్తే బారు బిల్లు తగ్గుతుంది, సుంకం తగ్గుతుంది. పోలీసులకు ఒక్కో కేసుకు మనిషి, మిషను, కోర్టు కాగితాలు, వాయిదాలు. పుకారు తలకిందులుగా ఉంది. సర్కారు డబ్బు మనల్ని పట్టుకోవడంలో లేదు, మనకు అమ్మడంలో ఉంది.

ఇంకో సంగతి. 185 కింద జరిమానా వేసేది కోర్టు. హెల్మెట్ చలాన్ లాగా ఫోన్‌లో కట్టేసి పోయేది కాదు. రోడ్డు మీద నిలబెట్టి ఎవరైనా అక్కడికక్కడ పైసలు తీసుకుంటే అది జరిమానా కాదు, లంచం. దాని మీద కోపం రావాలి, ఫిర్యాదు చేయాలి. ఆ కోపాన్ని తనిఖీ మీద చూపితే లంచం తీసుకున్నవాడికే లాభం.

'అసలు మద్యం వల్ల చచ్చేదెంతమంది? సర్కారు లెక్కల్లోనే రెండున్నర శాతం' అని చదువుకున్నవాళ్ళు తెచ్చే వాదన ఒకటుంది. అంకె నిజమే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే మద్యం, మత్తు కారణంగా రాసింది 4,201 మందిని. అతివేగం ఖాతాలో 70 శాతానికి పైగా పడ్డాయి. కానీ ఆ ఖాతా ఎలా నిండుతుందో ఆలోచించండి. ప్రమాదం జరిగాక పోలీసు ఫారంలో కారణం రాయాలి. చచ్చిపోయినవాడి రక్తం పరీక్షకు పంపి, ఫోరెన్సిక్ రిపోర్టు తెప్పించి, తిరిగి వచ్చి ఫారం దిద్దే ఓపిక ఎన్ని కేసుల్లో ఉంటుంది? తాగి 90 మీద పోయి చింతచెట్టుకు గుద్దుకున్నవాడు 'అతివేగం' కిందకే వెళ్తాడు. కుటుంబం కూడా తాగాడని రాయనివ్వదు, బీమా పోతుందని. రాయని చావులు లేని చావులు కావు.

రాసిన ఒక కేసు చూడండి. అది మనకు దూరం కూడా కాదు. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున హైదరాబాద్ నుంచి బెంగళూరు పోతున్న ప్రైవేటు బస్సు మన కొత్తకోట, పెబ్బేరు, బీచుపల్లి మీదుగానే 44వ జాతీయ రహదారిలో పోయింది. తుంగభద్ర దాటి కర్నూలు శివారు చిన్నటేకూరు దగ్గర, అంతకు కాసేపటి ముందే డివైడర్‌కు కొట్టుకుని రోడ్డు మీద పడి ఉన్న బైకు మీదకు ఎక్కింది. బైకు బస్సు కింద ఇరుక్కుంది, రాపిడికి మంట లేచింది. 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. బైకు నడిపిన యువకుడు ముందే చనిపోయాడు. అతను మద్యం తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. బస్సు వేగం, బస్సు తయారీ, తలుపులు, డ్రైవర్ బాధ్యత, ఇవన్నీ వేరే విచారించాల్సినవే. కానీ ఆ రాత్రి ఎవరో ఒకరు ఆ బైకును ఊరి చివర ఆపి ఊదమని ఉంటే ఆ బండి ఆ వేళకు రోడ్డు మీద ఉండేది కాదు. ఆ తర్వాతే హైదరాబాద్ పోలీస్ కమిషనర్ సజ్జనార్ తాగి నడిపేవాళ్ళను ఉగ్రవాదులని అన్నారు. ఆ మాట ఎక్కువైందని చాలామందికి కోపమొచ్చింది. మాట మీద వచ్చిన కోపంలో సగమైనా ఆ 19 మంది కోసం వచ్చి ఉంటే బాగుండేది.

అపోహ: రెండు పెగ్గులకు ఏం కాదు

దీనికి గ్రాముల లెక్క చాలు. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీలో 42.8 శాతం ఆల్కహాల్. 30 ఎంఎల్ చిన్న పెగ్గులో సుమారు 10 గ్రాములు. 60 కిలోల మనిషి ఖాళీ కడుపున అది తాగితే రక్తంలో సుమారు 25 మిల్లీగ్రాములకు చేరుతుంది. రెండు చిన్న పెగ్గులకు 50. రెండు పెద్ద పెగ్గులకు 100. క్వార్టర్ సీసా గంటలో ఖాళీ చేస్తే 150 దగ్గర, చట్టం చెప్పినదానికి ఐదు రెట్లు. ఆడవాళ్ళకు, బక్కపలుచని మనిషికి ఇంకా ఎక్కువ.

'బీరేగా' అనేవాళ్ళకు: 650 ఎంఎల్ మామూలు బీరు ఒక్కటి తాగితేనే లిమిట్‌కు రెట్టింపు. స్ట్రాంగ్ బీరైతే మూడున్నర చిన్న పెగ్గులతో సమానం.

కాలేయం గంటకు తీసేసేది 15 మిల్లీగ్రాములు మాత్రమే. చల్లనీళ్ళ స్నానం, నిమ్మరసం, మజ్జిగ, వాంతి, ఇవేవీ దాని వేగం పెంచవు. రాత్రి 10 గంటలకు క్వార్టర్ ముగించి పడుకున్నవాడు తెల్లారి 6 గంటలకు పాల క్యాన్లు కట్టుకుని బయలుదేరితే, ఇంకా లిమిట్ అంచునే ఉంటాడు. 'రాత్రిది దిగిపోయింది' అని అతను నిజంగానే నమ్ముతాడు. తాగినవాడి మొదటి నష్టం అదే: తను ఎంత తాగి ఉన్నాడో అంచనా వేసుకునే శక్తి పోవడం. చేయి వణికేది, కాలు తడబడేది చాలా తర్వాత. అంతకుముందే ఎదురు బండి దూరం, మలుపు, బ్రేకు వేయాల్సిన క్షణం తప్పుగా కనిపిస్తాయి.

అపోహ: కల్లుకు రీడింగ్ రాదు

ఇది మన పాలమూరు అపోహ. ఈతకల్లయినా తాటికల్లయినా పులిసిందంటే అందులో ఆల్కహాల్ ఉన్నట్టే, రమారమి బీరంత. పొద్దున దించిన కల్లు సాయంత్రానికి ఇంకా ఎక్కువ. సీసాలు రెండు తాగి ఊదితే మిషను ఊరుకోదు.

అంతకన్నా ప్రమాదం ఇంకొకటుంది. చెట్టు కల్లు చాలని చోట మందు కలుపుతారు. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రజోలం. 2025 జూలైలో కూకట్‌పల్లిలో జనం ప్రాణాలు పోయింది ఇలాంటి కల్తీ కల్లుకే. ఈ మందులు బ్రీత్ అనలైజర్‌కు అందవు, అది ఆల్కహాల్‌నే చూస్తుంది. అంటే మిషన్‌లో అంకె తక్కువ రావచ్చు, మనిషి మాత్రం కళ్ళు తెరిచి నిద్రపోతుంటాడు. ఆల్కహాల్, అల్ప్రజోలం కలిసినప్పుడు మత్తు కూడిక కాదు, ఒకదాన్నొకటి పెంచుతుంది. 185వ సెక్షన్ మందుల మత్తుకూ వర్తిస్తుంది. రక్తపరీక్షలో బయటపడుతుంది. కల్తీ కల్లు కాంపౌండు ముందు వరసగా నిలబెట్టిన బైకులు చూస్తే నాకు భయం వేస్తుంది. వాటి గురించి ఈ చర్చలో ఎవరూ మాట్లాడరు.

చిల్లర అపోహలు

ఉల్లిగడ్డ, పాన్, గుట్కా, పుదీనా: వాసన మారుతుంది, ఊపిరితిత్తుల లోపలి నుంచి వచ్చే గాలి మారదు. ఊర్లో రోడ్డుకు చట్టం లేదు: ఉంది. ట్రాక్టర్‌కు వర్తించదు: మోటారున్న ప్రతి బండికీ వర్తిస్తుంది. స్టాండు తీసి కిక్ కొట్టినా కేసు కాదు: నడపబోవడమూ నేరమే. ఊదనంటే వదిలేస్తారు: వదలరు, అరెస్టు చేసి రక్తపరీక్షకు తీసుకెళ్ళే అధికారం చట్టంలో ఉంది. టెస్టు చేయకపోతే బీమా ఇవ్వాల్సిందే: 2021లో సుప్రీంకోర్టు ఇఫ్కో టోకియో కేసులో తేల్చింది, పరీక్ష లేకపోయినా మిగతా సాక్ష్యాలతో తాగాడని తేలితే బండి బీమా ఎగ్గొట్టవచ్చు. బండి నడిపే యజమానికి ఉండే 15 లక్షల ప్రమాద బీమా కూడా తాగి చనిపోతే రాదు. భర్త పోయి, బండి అప్పు మిగిలి, ఆ 15 లక్షలూ రాని ఇల్లు ఎలా గడుస్తుందో తాగి బండెక్కే ముందు ఒక్కసారి తలచుకోవాలి.

మిషన్ తప్పు చూపదా అంటే, చూపుతుంది, అరుదుగా. 2025 జూలైలో కేరళలోని పందళం ఆర్టీసీ డిపోలో పనసపండు తిన్న డ్రైవర్లకు రీడింగ్ వచ్చింది. నోట్లో మిగిలిన ఆల్కహాల్ ఆవిరి అది. దగ్గుమందు, మౌత్‌వాష్‌తోనూ ఇలాగే జరుగుతుంది. పావుగంట ఆగి మళ్ళీ ఊదితే పోతుంది. తాగకుండా దొరికామనుకుంటే గొడవపడకుండా, పావుగంట తర్వాత రెండో పరీక్షో రక్తపరీక్షో చేయమని అడగండి.

ఒప్పుకోక తప్పనిది

'ప్రభుత్వ ఉద్దేశం శుద్ధంగా లేదు' అన్న మాటలో నిజం ఉంది. ఇష్టం లేకపోయినా ఒప్పుకుంటాను. కర్నూలు బస్సు కాలిన మూడో రోజు, అక్టోబర్ 27న, మన రాష్ట్రంలో కలెక్టర్లు మద్యం దుకాణాలకు లాటరీ తీశారు. ఏటా డిసెంబర్ 31న ఒక శాఖ అమ్మకం వేళలు పొడిగిస్తుంది, ఇంకో శాఖ రోడ్డు మీద ఊదిస్తుంది. రహదారుల పక్కన 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు వద్దని 2016 డిసెంబర్ 15న సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. 2017 మార్చి 31న చిన్న ఊళ్ళకు 220 మీటర్లు చాలని సడలింపు వచ్చింది, జూలైలో పట్టణాలకు మినహాయింపు వచ్చింది, ఆ తర్వాత పంచాయతీలకూ దారి దొరికింది. సడలింపు కోసం కోర్టు తలుపు తట్టినవాళ్ళలో రాష్ట్రాలూ ఉన్నాయి, వ్యాపారులూ ఉన్నారు. ఇక బెల్టుషాపులు: లైసెన్సు ఉండదు, కిరాణం కొట్టు వెనక గదిలో, అర్ధరాత్రి కూడా సీసా దొరుకుతుంది. ఇవి లేవని ఏ అధికారీ మన మొహం చూసి చెప్పలేడు.

లిమిట్ సున్నా చేస్తే అన్నీ సర్దుకుంటాయనేవాళ్ళతోనూ నేను ఏకీభవించను. స్కాట్లండ్ 2014 డిసెంబర్‌లో 80 నుంచి 50కి తగ్గించింది. తర్వాత లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రమాదాలు తగ్గలేదని తేల్చింది. అంకె మారింది, రోడ్డు మీద తనిఖీ పెరగలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు 50 మించొద్దంటుంది, కొత్తగా నడిపే కుర్రవాళ్ళకు 20. మన 30 ఇప్పటికే కఠినమైనదే. సైబరాబాద్ పోలీసులు వారాంతాల్లో ఇచ్చే లెక్కలు చూడండి. 200, 300 దాటినవాళ్ళు కనపడతారు, దొరికినవాళ్ళలో ఎక్కువమంది బైకులవాళ్ళే. 300 రీడింగ్‌తో నడిపేవాడికి లిమిట్ 30 అయినా సున్నా అయినా ఒకటే. అతన్ని ఆపేది రోడ్డు మీద మనిషి ఉంటాడన్న భయం. అది వనపర్తి చౌరస్తాకు, శని ఆదివారాలకు పరిమితమైతే చాలదు. కొల్లాపూర్ దారిలో, పెబ్బేరు దారిలో, కాలువ కట్ట మొదట్లో, ఏ రోజైనా ఉండాలి.

అయితే ఒకటి. అమ్మేవాడి ఉద్దేశం చెడ్డదైనంత మాత్రాన తాగినవాడి బ్రేకు సరిగ్గా పడదు. ప్రభుత్వం మీద అనుమానం ఎంతైనా పెట్టుకోండి, బండి తాళం మాత్రం పక్కన పెట్టండి.

పెళ్ళికో దావత్‌కో గుంపుగా పోతే తాగని మనిషిని బయలుదేరే ముందే ఖాయం చేసుకోండి, అక్కడికి పోయాక కాదు. రాత్రి పొద్దుపోయాక మన ఊళ్ళకు బస్సు దొరకదన్న మాట నిజం. అందుకే ఆటో మాట్లాడుకోండి, లేదా పోయిన ఇంట్లోనే పడుకోండి, అవమానమేం లేదు. దొరికిపోతే తెలుసుకోవాల్సింది: 2021 నవంబర్‌లో తెలంగాణ హైకోర్టు స్పష్టంగా చెప్పింది, తాగి నడిపాడన్న ఒక్క కారణంతో పోలీసులు బండి సీజ్ చేయకూడదు. వెంట తాగని మనిషి, లైసెన్సు ఉన్నవాడు ఉంటే బండి అతనికి ఇవ్వాలి. లేకపోతే ఇంటివాళ్ళను పిలిపించి అప్పగించాలి. కేసు మాత్రం నడుస్తుంది. ఇది తెలిస్తే తప్పించుకుని కట్ట ఎక్కాల్సిన అవసరం ఉండదు. తాగి నడిపి ఎవరినైనా చంపితే మాత్రం లెక్క వేరు. భారతీయ న్యాయ సంహిత 105 కింద, హత్యతో సమానం కాని నరహత్య కేసు పెట్టే వీలుంది. పదేళ్ళ వరకు శిక్ష పడవచ్చు.

ప్రభుత్వాన్ని నిలదీయాలనుకునేవాళ్ళకు పాన్‌గల్ కన్నా మంచి చోటు లేదు. 2023 డిసెంబర్‌లో ఎక్సైజ్ శాఖ తీసుకున్న జూపల్లి కృష్ణారావు గెలిచింది కొల్లాపూర్ నుంచే, మన మండలం ఆ నియోజకవర్గంలోనే ఉంది. 2025 డిసెంబర్‌లో ఊరూరా కొత్త సర్పంచులు వచ్చారు. గ్రామసభ పెట్టించండి. మా ఊళ్ళో బెల్టుషాపు వద్దని తీర్మానం రాయించండి, దాని నకలు ఎక్సైజ్ ఆఫీసుకు, మంత్రికి పంపండి. తాగినోళ్ళను పట్టేది పైసల కోసమేనని ఇన్నాళ్ళుగా చెబుతున్నవాళ్ళు ఆ కాగితం మీద మొదటి సంతకం చేయాలి.